పుస్తకమెట్లున్నదని పిల్లల నడిగితిమా?

జనవరి వచ్చినదనిన విజయవాడలో సంక్రాంతి ముగ్గులకంటె ముందుగా పుస్తక మహోత్సవపు తోరణములు కనబడును. 1989లో ఆరంభమైన యీ యుత్సవము ఏటేట క్రొత్త సంవత్సరముతోడనే మొదలై పదునొకండు దినములు సాగుట ఆచారమైనది. బహుకాలము స్వరాజ్య మైదానమున జరిగి, ఆ మైదానము అంబేద్కరు స్మృతివనముగా మారినది మొదలు వేరు ప్రాంగణములకు తరలినను, పుస్తకప్రియులు పాదయాత్రగా నగరవీథుల నడచుటయు, పల్లెలనుండి జనము బస్సులెక్కి వచ్చుటయు మానలేదు. అచ్చట పిల్లల పుస్తకములమ్ము దుకాణము ప్రక్కన ఒక సాయంకాలము గంటసేపు నిలుచుండి చూచినవారికి, ఈ వ్యాసమున నేను చెప్పబోవుదానిలో సగము నా సహాయము లేకయే తెలిసిపోవును. ఎనిమిదేండ్ల పిల్ల యొకతె దయ్యము బొమ్మగల సన్నని పుస్తకమొకటి తీసికొని నిలుచున్నచోటనే చదువ నారంభించును. తల్లి వచ్చి, నాలుగు పుటలు త్రిప్పి, "దీంట్లో ఏముందే, అన్నీ బొమ్మలేగా" అని దానిని బల్లమీద నుంచి, జనరల్ నాలెడ్జి పుస్తకమొకటి, చేతివ్రాత పుస్తకమొకటి, ఇంగ్లీషు గ్రామరు పుస్తకమొకటి ఏరి సంచిలో వేయించును. పిల్ల మారుపలుకక సంచి పట్టుకొని నడచును. ఉత్సవము ముగిసిన పిమ్మట తీయు లెక్కలలో ఆ యింటికి మూడు పిల్లల పుస్తకములు చేరినట్లే తేలును.

పిల్లలచేత పుస్తకములు చదివించుట యెట్లు, చదివినదానిని గూర్చి వారిచేత మాటలాడించుట యెట్లు, ఆ చదువు వారికి శిక్షగా గాక వేడుకగా నుండునట్లు చేయుట యెట్లు అను ప్రశ్న మన ప్రాంతమునకు క్రొత్తది కాదు. కృష్ణాతీరమున దీనికై జీవితములు ధారవోసినవారు కలరు. పుస్తకమును పాఠకుని గుమ్మమువరకు మోసికొనిపోవు విద్యలో మన డెల్టా యెవరికిని తీసిపోలేదు. అట్లు చేరిన పుస్తకము ఎట్లున్నదని చిన్నవాని నడిగి, వాడు చెప్పుమాటను చెవియొగ్గి వినుటయందు మాత్రమే మనము వెనుకబడితిమి. చిక్కంతయు అక్కడనే యున్నదని నా నమ్మకము. మొదట మోసినవారి కథ చెప్పి, పిదప వినని మన సంగతికి వత్తును.

1911లో బెజవాడలో రామమోహన గ్రంథాలయము వెలసెను. 1914 ఏప్రిలు 10వ తేదీన అచ్చటనే ఆంధ్రదేశ గ్రంథభాండాగార సంఘము పుట్టెను. గ్రంథాలయములకై యిట్టి సంఘము ఏర్పడుట భారతదేశమున అదియే మొదలని చరిత్రకారులు చెప్పుదురు. ఆ తొలి మహాసభకు అధ్యక్షత వహించినవారు చిలకమర్తి లక్ష్మీనరసింహముగారు. బాల్యముననే రేచీకటి సోకుటచే దీపపు వెలుతురున అక్షరము కనబడక, తోడివారు చదువగా విని పాఠములు పట్టిన విద్యార్థి ఆయన. పిమ్మట చూపు పూర్తిగా పోయినను చెప్పి వ్రాయించుచు గ్రంథములు వెలయించిరి. పుస్తకాలయములవారి మొట్టమొదటి సభకు చెవితో చదివినవాడు అధ్యక్షుడగుట కాకతాళీయమే కావచ్చును గాని, నాకది ఎల్లప్పుడును ఒక శకునమువలె తోచును. చదువు కంటికి దక్కుటకు ముందు చెవికి దక్కును. ఒడిలో కూర్చుండబెట్టుకొని ఎవరైన చదివి వినిపించిన బిడ్డకే, ఆ నల్లని గీతలవెనుక ఏదో యున్నదని ముందుగా తెలియును.

అయ్యంకి వెంకటరమణయ్యగారు ‘గ్రంథాలయ సర్వస్వము’ అను పత్రికను నడిపి, ఊరూర తిరిగి, 1919 నవంబరు 14వ తేదీన మద్రాసులో అఖిలభారత గ్రంథాలయ మహాసభ సమకూరుటకు ముఖ్యకారకులైరి. నేడు దేశమంతట జరుగు గ్రంథాలయ వారోత్సవములు ఆ తేదీనాడే మొదలగును. అదే దినము నెహ్రూగారి జయంతియై, బాలల దినోత్సవముగా కూడ నడచుచున్నది. పెద్దలు చేయని సంబంధమును క్యాలెండరు కుదిర్చినదన్నమాట.

పాతూరి నాగభూషణముగారి పని యింకను చిత్రమైనది. పెదపాలెమున సేవాశ్రమము నెలకొల్పిన యీ మహనీయుడు 1935లో కాలువమీద పడవనే గ్రంథాలయముగా చేసి, కొల్లూరు, పెదవడ్లపూడి గ్రామముల నడుమ నడిపించెను. డెల్టా కాలువలు పొలములకు నీరిచ్చుటయే గాక మనుష్యులను ధాన్యమును మోయుచుండిన కాలమది. రేవులో పడవ ఆగుటయనిన ఊరికి వార్త వచ్చుటయే. అట్టి రేవున బియ్యపు బస్తాలకు బదులు పుస్తకములు దిగినవి. గట్టుమీద గుంపుగూడినవారిలో లాగులు జారుచున్న కుఱ్ఱవాండ్రు లేకుందురా? తప్పక యుందురు. ఆ పిమ్మట విజయవాడ పటమటలో గ్రంథాలయోద్యమ నాయకులైన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారి పేర సర్వోత్తమ భవనము నిలిచినది కూడ పాతూరివారి కృషివలననే.

అయితే ఒక మాట ఒప్పుకొనవలెను. ఆ మహోద్యమము వయోజనునికై పుట్టినది. వార్తాపత్రిక చదివి స్వరాజ్యము సంగతి తెలిసికొనవలసినవాడు, రాత్రిబడిలో అక్షరములు దిద్దవలసినవాడు, పురాణకాలక్షేపమునకు చేరు ముదుసలి, వీరే దానికి పాఠకులు. పిల్లవాడు గ్రంథాలయపు అరుగుమీద నిలుచున్నవాడే గాని బల్లముందు కూర్చున్నవాడు కాడు. అది ఆ పెద్దల దోషము కాదు. కాలమున కేది ముందు కావలసియుండెనో వారది చేసిరి. పిల్లవానికి కుర్చీ వేయువారు వేరుదిక్కునుండి వచ్చిరి.

1945లో న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు, అనగా తెలుగు పిల్లలందరి రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య, మద్రాసునుండి ‘బాల’ పత్రిక నారంభించిరి. రెండేండ్లు తిరుగకమున్నే, 1947 జులైలో, నాగిరెడ్డి, చక్రపాణిగార్ల ‘చందమామ’ వచ్చెను. అచ్చయినది మద్రాసులోనే యైనను దాని పలుకుబడి మన ప్రాంతముది. చక్రపాణిగారిది తెనాలి, 1952 మొదలు సుమారు మూడు దశాబ్దములు దాని భాషను తీర్చిన కొడవటిగంటి కుటుంబరావుగారిదియు తెనాలియే. వాక్యము చిన్నది, మాట ఇంటిలోనిది, విశేషణము మితము. వడ్డాది పాపయ్యగారి ముఖచిత్రముతో పత్రిక ఇంటికి రాగానే అన్నకు ముందా చెల్లెలికి ముందా యని పెనుగులాడని యిల్లు ఆనాడు ఉయ్యూరు మొదలు దివిసీమవరకు అరుదు. ఒక ప్రతి అయిదారిండ్లు తిరిగి, చివరకు అట్టయూడి ఎవరింటి అటకమీదనో చేరెడిది. ఎవరును వారిని చదువుమని చెప్పలేదు. చాలయిండ్లలో చదువవద్దనిరి, లెక్కలపుస్తకము చాటున దాచి చదివినవారి సంఖ్య తక్కువ కాదు, ఈ వ్యాసకర్తయు వారిలోనివాడే.

చందమామలో నన్ను నేటికిని ఆలోచింపజేయునది బేతాళకథ. కథ ముగియును, కాని కథకుడు తీర్పు చెప్పడు. శవములోని బేతాళుడు ప్రశ్న వేయును: వీరిలో ఎవరు త్యాగి, ఎవరు మూర్ఖుడు, ఆ రాజు చేసినది న్యాయమా? ఉత్తరము తరువాతి వాక్యముననే యున్నను, చురుకైన పిల్ల అరచేతితో దానిని మూసి ముందుగా తన తీర్పు తాను చెప్పుకొనును; విక్రమార్కుని తీర్పు వేరుగా నున్నచో ఆయనతో వాదమునకు దిగును. మా వీథి పిల్లలలో విక్రమార్కుడే తప్పు చెప్పెనని రెండు పక్షములై సాయంకాలమంతయు పోట్లాడిన దినములు నాకు జ్ఞాపకమున్నవి. విమర్శ, సమీక్ష యని మనము పెద్దమాటలతో పిలుచు విద్యకు ఓనమాలు అవియే. ఎవరును మార్కులు వేయలేదు. ఎవరును వ్రాసి చూపుమనలేదు.

ఆ పత్రికలు పిల్లల మాటను అచ్చువేయుటకు వెనుదీయలేదను సంగతి కూడ గమనింపదగినది. చందమామలో రెండు ఫొటోలకు జంటవ్యాఖ్యలు వ్రాసి పంపు పోటీ యుండెడిది. పోస్టుకార్డుపై నాలుగు మాటలు వ్రాసినచాలును. ‘బాల’ మరియొక అడుగు ముందునకు వేసినది. పదునాలుగేండ్ల ముళ్లపూడి వెంకటరమణ తొలికథ 1945లో ఆ పత్రికలోనే అచ్చయినది. అంతకంటె చిన్నవాడైన బాపు బొమ్మలును అందే వెలువడినవి. ఆ యిద్దరు బాలురు పిమ్మట ఏమైరో తెలుగువారికి చెప్పవలసిన పనిలేదు. నేను చెప్పదలచినది వారి ప్రతిభనుగూర్చి కాదు, ఆ కాగితములు అందుకొన్న సంపాదకుల చెవినిగూర్చి. "చిన్నపిల్లలకేమి తెలియునులే" యని వారు చెత్తబుట్టలో వేయలేదు.

మన డెల్టాలో పిల్లలకై పాటలు కట్టినవారును కలరు. గుడివాడ ప్రాంతమున బి.వి. నరసింహారావుగారు ‘పాలబడి పాటలు’ వ్రాసి బాలబంధువనిపించుకొనిరి. తెనాలిలో అదే బిరుదు నందిన ఆలపర్తి వెంకటసుబ్బారావుగారికి 2016లో కేంద్ర సాహిత్య అకాడమి బాలసాహిత్య పురస్కారము లభించినది. మచిలీపట్నమున శేషాచలముగారి సంస్థగా పుట్టిన ఎమెస్కో వారు ఇంటింట గ్రంథాలయమను సంకల్పముతో చౌకపుస్తకములను గృహస్థుల చేతికందించిరి. ఇవి ముచ్చటగా తలచుకొని ముందుకు పోదగినవి.

ఆగి చెప్పవలసినది సోవియట్ పుస్తకముల సంగతి. మాస్కోలో తెలుగున అచ్చయి సముద్రముదాటి వచ్చిన ఆ పుస్తకములు విజయవాడ విశాలాంధ్ర దుకాణములలో, వారి పుస్తకముల వ్యానులలో, తిరునాళ్లలోను, సభలవద్దను మిఠాయి వెలకు దొరకెడివి. ఉప్పల లక్ష్మణరావు, రాళ్లబండి వేంకటేశ్వరరావుగార్లవంటి అనువాదకులు మాస్కోలోనే కూర్చుండి తెలుగుచేసిరి. దళసరి కాగితము, రంగుల బొమ్మలు, పెద్దయక్షరములు, గట్టి అట్ట. మంచు మొగమెరుగని కంకిపాడు కుఱ్ఱవానికి సమోవారు తెలియును, భూర్జవృక్షము తెలియును, కోడికాళ్లమీద నిలుచు గుడిసెలోని మాయలమారి ముసలిది తెలియును. ఆ ప్రచురణవెనుక రాజకీయము లేదని నేననను. కాని పిల్లవానికి దానితో పనిలేదు. వానికి చేతిలో బరువు తెలిసినది, బొమ్మ తెలిసినది, వెల తన జేబునకు అందుట తెలిసినది. 1991లో ఆ రాజ్యమే కూలగా ఆ పుస్తకములు ఆగిపోయినవి. నేడు లెనిన్ సెంటరు పాతపుస్తకముల దుకాణములలో చినిగిన ప్రతి యొకటి కనబడిన, నడివయసు ఉద్యోగులు బేరమాడక కొనుక్కొని పోవుదురు. సికింద్రాబాదు మంచి పుస్తకము వారు వానిలో కొన్నింటిని మరల అచ్చువేయుచున్నారు. వారి మేలు మరువరాదు.

ఇక నేటి స్థితి. చందమామ ఈ శతాబ్ది రెండవ దశకమున ఆగిపోయెను. పిల్లల పత్రికలు కొన్ని ఆయాసపడుచు నడచుచున్నవి, కొన్ని కనుమరుగైనవి. గ్రంథాలయములకు చట్టమున్నది: మద్రాసు రాష్ట్రమున 1948లోను, ఆంధ్రప్రదేశమున 1960లోను చేసినది. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సుంకముగా ప్రజ చెల్లించుచునే యున్నది. భవనము లేదనలేము, విజయవాడలో ఠాగూరు గ్రంథాలయమువంటివి నిండుగా నడచుచున్నవి, కాని అందు నిండినవారెవరు? పోటీపరీక్షలకు సిద్ధపడు యువకులు. వారి అవసరము నిజమైనదే, వారిని తప్పుపట్టను. పిల్లవాడు మాత్రము రాడు, రాలేడు. గ్రంథాలయము ఉదయము కొన్నిగంటలు, సాయంకాలము కొన్నిగంటలు తెరచియుండును. ఆ ఉదయము వాడు బడిబస్సులో నుండును. ఆ సాయంకాలము ట్యూషనులో నుండును. మన నగరము దేశమంతటికి ఇంజనీర్లను వైద్యులను తయారుచేయు కార్ఖానాగా పేరుపడినది. ఆ కార్ఖానా గేటు నేడు ఆరవతరగతికే తెరచుకొనుచున్నది. ఫౌండేషను కోర్సు, స్టడీ అవరు, వారమునకొక స్లిప్ టెస్టు, వీనినడుమ కథాపుస్తకము చేతబట్టిన పిల్లవాడు దొంగవలె చూడబడును. తల్లిదండ్రులు దుర్మార్గులు కారు. ఎకరముపొలము అమ్మి ఫీజు కట్టినవారికి భయము సహజము. అయినను, పాఠ్యేతరమైన పేరా యొకటి ఇచ్చినచో దాని భావము పట్టలేని విద్యార్థి ఆ పరీక్షలలోనే తడబడునని వారికెవరైన చెప్పవలెను.

ప్రభుత్వపాఠశాలలలో కథ వేరు. అక్కడ పుస్తకములు కలవు, కాని బీరువాలో కలవు. తాళపుచెవి ప్రధానోపాధ్యాయునివద్ద నుండును. ఏలయన స్టాకు రిజిస్టరున్నది. పుస్తకము పోయినను చినిగినను సంజాయిషీ చెప్పవలసినది ఆయన. తనిఖీనాడు పుస్తకములు లెక్కకు సరిపోవలెనన్నచో వానిని పిల్లలకీయకుండుటకంటె సులభోపాయము లేదు! పదేండ్లు గడచినను మడతనలగని పుస్తకము ఆ బడికి ఘనతగా లెక్కింపబడుచున్నది. చినుగుట పుస్తకమునకు సద్గతియని ఒక్క ఉత్తరువు వెలువడినచో, ఆ యొక్క కాగితము వేయి పుస్తకముల విరాళముకంటె ఎక్కువ పనిచేయును.

చదువగలుగుట వేరు, చదువనిచ్చగించుట వేరని కొందరందురు. కాని మొదటిది లేక రెండవది పుట్టదు. పిల్లల చదువును ఇంటింట పరీక్షించు అసర్ సర్వే నివేదికలు గ్రామీణ భారతమున అయిదవ తరగతి పిల్లలలో రెండవ తరగతి పాఠము చదువగలవారు 2018లో నూటికి 50.5, 2022లో 42.8, 2024లో 48.8 అని చెప్పుచున్నవి. అనగా సగముమందికి అక్షరము ఇంకను ముళ్లకంచెగానే యున్నది. తెలుగు లిపి అందమైనదే గాని చిన్నకంటికి గడుసైనది: గుణింతము దాటగానే ఒత్తు ఎదురగును, ఒత్తు దాటగానే సంయుక్తాక్షరము. ఒత్తులులేని మాటలతో, పుటకు రెండు వాక్యములతో, పెద్ద అచ్చుతో, అయినను కథగల పుస్తకము మన భాషలో ఎన్ని యున్నవి? మన బాలసాహిత్య రచయితలు పండితులు. సరళమని వ్రాసినదానిలోనే మూడు సమాసములు దూరును. (ఈ వ్యాసమువ్రాయు వానికి ఆ మాటను నిర్భయముగా అను అర్హత లేదని తెలియును.) ఇంగ్లీషు మాధ్యమము వచ్చినపిమ్మట పిల్లవాడు ఇంటిలో తెలుగు మాటలాడి, బడిలో ఇంగ్లీషు చదివి, రెంటిలో దేనియందును వేగముగా చదువలేని దశలో పడుచున్నాడు. ఒక పుటలో తెలుగు, ఎదుటిపుటలో ఇంగ్లీషుగల ద్విభాషా పాఠ్యపుస్తకములు మన రాష్ట్రమున వచ్చినవి; ఆ పద్ధతి కథాపుస్తకములకు విస్తరించుట మేలు.

2020 నవంబరులో రాష్ట్రప్రభుత్వము ‘చదవడం మాకిష్టం’ అను కార్యక్రమము నారంభించెను. పేరు మంచిది. అయితే ఇష్టము ఉత్తరువుచే పుట్టునదియా యను శంక నాకు పేరుచూచినప్పుడే కలిగినది. రోజునకొక పీరియడు చదువునకిచ్చుట ఉత్తమకార్యము. ఆ పీరియడు జరిగినట్లు ఫొటోతీసి వాట్సాప్ గుంపులో పెట్టవలెనన్న నియమము ఎక్కడెక్కడ చేరునో, అక్కడక్కడ పిల్లలు పుస్తకము తెరచి కెమెరావంక చూచుట నేర్తురు.

ఇప్పుడు అసలు విషయము. చదివిన పిల్లవానిని మనమేమడుగుచున్నాము? "ఈ కథలోని నీతి యేమి?" అని. ఈ ఒక్కప్రశ్న తెలుగునాట ఎన్ని కథలను చంపినదో లెక్కలేదు. కోతి, మొసలి కథ విన్నపిల్ల మనస్సులో అప్పుడు నీటిమీద మొసలివీపు కదలుచుండును, కోతిగుండె చెట్టుతొఱ్ఱలో వ్రేలాడుచుండును; అంతలో మనము చేయిచాచి, "నీతి చెప్పు" అందుము. పిల్ల కథను వదలి మన మొగము చదువనారంభించును; పెద్దవారికేది కావలెనో అది చెప్పును; మార్కు వచ్చును. సమీక్షకు కావలసిన గుణము దీనికి సరిగా వ్యతిరేకమైనది. తనకు తోచినది తాననుట, అందుకు పుస్తకమునుండి ఒక కారణము చూపుట, ఇంతియే సమీక్ష. ఆ రెండింటిలో మొదటిదానికి ధైర్యము కావలెను. ఆ ధైర్యము ఇచ్చువారు మనము, తీసివేయువారును మనమే.

పిల్లవాని అభిప్రాయమునకు వెలకట్టిన ప్రకాశకుడొకడు లండనులో ఉండెను. 1936లో స్టాన్లీ అన్విన్ అను ఆ పెద్దమనిషికి టోల్కియన్ అను ఆచార్యుని వ్రాతప్రతి యొకటి వచ్చెను. పిల్లల పుస్తకమునకు పిల్లలే సరియైన పరీక్షకులని నమ్మినవాడగుటచే, దానిని తన పదేండ్ల కుమారుడు రేనరు చేతికిచ్చి, నివేదిక వ్రాసినందుకు ఒక షిల్లింగు కూలి యిచ్చెను. కుఱ్ఱవాడు కథ సంగ్రహించి, బాగున్నదనియు, పటములున్నచో బొమ్మలక్కరలేదనియు, అయిదు మొదలు తొమ్మిదేండ్లవరకు గల పిల్లలకు నచ్చుననియు వ్రాసెను. తనకు పదేండ్లు నిండినవి కదా! మరుసటి యేడు ‘హాబిట్’ అచ్చయినది, నేటికిని అమ్ముడగుచున్నది. మన ప్రచురణకర్తలలో ఎవరైన వ్రాతప్రతిని అచ్చునకు ముందు నాలుగవతరగతి పిల్ల చేతిలో పెట్టినట్లు నేను వినలేదు. పెట్టినచో మన బాలసాహిత్యమున సగము అచ్చుకాకుండ ఆగును, అదియు లాభమే.

దానియేల్ పెనాక్ అను ఫ్రెంచి రచయిత, బడిపంతులుగా పనిచేసినవాడు, 1992లో పాఠకుని హక్కులని పది హక్కులు చెప్పెను. చదువకుండుట, పుటలు దాటవేయుట, పుస్తకము ముగింపకుండుట వానిలో కొన్ని. వినుటకు ఇవి ప్రోత్సాహమునకు విరుద్ధముగా తోచును. కాని విందులో వడ్డించిన ప్రతిదియు తినితీరవలెనన్న అతిథి మరియొక మారు ఆ యింటికి పోవునా? మధ్యలో మూసివేసిన పుస్తకమునుగూర్చి, ఏ పుటలో మూసితివి, ఎందుకు మూసితివి అని అడిగినచో, ముగించిన పుస్తకమునుగూర్చి అడిగినదానికంటె నిజమైన సమాధానము వచ్చును. పిల్లల పుస్తకవిమర్శ అక్కడనుండి మొదలుపెట్టుట సులభము.

రెండేండ్లుగా ఆదివారముల సాయంకాలము మా వసారాలో చుట్టుప్రక్కల పిల్లలు పదిమంది చేరుచున్నారు. ముందు నేనొక కథ గట్టిగా చదివెదను. చిలకమర్తివారి శకునము నమ్మినవాడను గదా. పిదప ఎవరికి నచ్చిన పుస్తకము వారు తీసికొని పోవుదురు. గ్రంథాలయములలో పుస్తకము వెనుకయట్టకు తేదీచీటి అంటింతురు కదా, దానిప్రక్కన ఇంకొక తెల్లచీటి అంటించితిని. చదివినవారు ఇష్టమైన ఒక వాక్యము వ్రాయవచ్చును, వ్రాయకపోవచ్చును. మొదటినెలలో అందరును "చాలా బాగుంది, మంచి నీతి ఉంది" అని వ్రాసిరి. బడి వదలినను బడి వారిని వదలలేదు. ఒక తొమ్మిదేండ్ల పిల్ల దారి చూపినది. నేను బహుగౌరవముతో కొనితెచ్చిన మహాపురుషుని జీవితచరిత్రవెనుక ఆమె వ్రాసినది: "ఈయన చిన్నప్పుడు ఒక్క అల్లరి కూడా చెయ్యలేదంట. నేను నమ్మను." అంతకంటె సూక్ష్మమైన జీవితచరిత్ర విమర్శ నేను పెద్దపత్రికలలో అరుదుగా చదివితిని. ఆ చీటి చూచి తరువాతి పిల్లలు, ఆయన నిజముగా అల్లరి చేయలేదాయని వెదకుటకే ఆ పుస్తకము తీసికొనిపోయిరి. ఇంకొకడు నక్కకథవెనుక "బొమ్మలో నక్కకి ఐదు కాళ్ళున్నాయి, చూసుకోండి" అని వ్రాసెను. చూచుకొంటిమి, నిజమే. సమీక్షలకు మేము బహుమతు లీయము. ఇచ్చిననాడు అవి మరల వ్యాసరచనపోటీలగును.

పిల్లలు తాము వ్రాయుటకు అవకాశమున్నచోట ఎట్లు విజృంభింతురో తెలియవలెనన్నచో, నాటి అనంతపురము జిల్లా చెన్నేకొత్తపల్లి నుండి 2008లో మొదలైన ‘కొత్తపల్లి’ పత్రికను చూడవలెను. పల్లెపిల్లల మాట పల్లెయాసతోనే అందచ్చయినది. మన డెల్టా యాసకు అట్టి పత్రిక యొకటి లేకుండుట, ఇన్ని అచ్చుయంత్రములు గల విజయవాడకు సిగ్గుచేటని వ్రాయుటకు సంకోచింపను.

సెల్‌ఫోనును గూర్చి ఒక్కమాట. సకలదోషములను దానినెత్తిన రుద్దుట నేటి పెద్దలకు సుఖముగా నున్నది. అదే ఫోనులో స్టోరీవీవరువంటి వెబ్‌సైట్లలో తెలుగు బొమ్మలకథలు ఉచితముగా దొరకుచున్నవి. ప్రక్కన కూర్చుండి చదువు పెద్దవారుండిన అదియు పుస్తకమే. పెద్దవారు తమ ఫోనులో తాము మునిగి, "పుస్తకం తీయరా" అని కేకవేసినప్పుడు పిల్లవాడు నేర్చునది పుస్తకము కాదు. పిల్లలు చెప్పినది చేయరు, చూచినది చేయుదురని మన ముసలమ్మలు ఎరుగుదురు.

గ్రంథాలయాధికారులకును, బడుల పెద్దలకును నాదొక మనవి. వచ్చు నవంబరు 14వ తేదీన వారోత్సవములు ఎట్లును జరుపుదురు. దీపము వెలుగును, శాలువలు కప్పబడును, ‘గ్రంథాలయముల ఆవశ్యకత’ యను విషయముపై పిల్లలచేత వ్యాసములు వ్రాయింపబడును. గ్రంథాలయములో ఒక్క పుస్తకమైన చదువనివాడు దాని ఆవశ్యకతపై మూడుపుటలు వ్రాసి ప్రథమబహుమతి గొనిపోవుట నేను కన్నులార చూచితిని. ఈ యొక్కయేడు ఆ పోటీ మానుడు. ఒక చాప పరపించి, అట్టలు నలిగినను సరే, నలువది పుస్తకములు దానిమీద పోయించి, ఎవరికేది కావలెనో తీసికొనుమని చెప్పుడు. గంట గడచినపిమ్మట, ఏది బాగున్నది, ఏది బాగులేదు అని అడుగుడు. బాగులేదన్న పిల్లమాటను కూడ కాగితముమీద వ్రాసికొని, మరుసటియేడు పుస్తకములు కొను సంఘమువారి బల్లమీద ఆ కాగితము నుంచుడు.